పురుడు జ్ఞాతులందరిది; పరిచర్య ఎవరిది?



ఆలయములలో అర్చకులను భక్తులు తరచుగా అడుగు ప్రశ్నలలో పురుటికి సంబంధించినది ఒకటి. "మా పినతండ్రిగారి కుమారునికి బిడ్డ కలిగినది, మాకు పురుడు ఎన్ని దినములు? మొదలుపెట్టిన వ్రతమును ఆపవలెనా? గుడికి మరల ఎప్పుడు రావచ్చును?" అని విచారింతురు. సమాధానము ప్రసిద్ధమే. బహుళ ప్రచారములో నున్న పద్ధతిని బట్టి సపిండులకు జాతాశౌచము పది దినములు. పదునొకండవ దినమున స్నానము, పుణ్యాహవాచనము, అటుపిమ్మట శుద్ధి. సంప్రదాయభేదములు, ఆలస్యముగా వార్త విన్నవారికి గల నియమములు వేరుగా నున్నవి. ఈ ప్రశ్న యుక్తమైనదే. నియమమును తెలిసికొని పాటింపగోరుట శ్రద్ధకు లక్షణము.

అయితే దాని వెంట రావలసిన రెండవ ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. ఆ ఇంట బాలింతకు పథ్యము వండిపెట్టువారు ఉన్నారా? అర్ధరాత్రమున శిశువు ఏడ్చినపుడు తల్లితోపాటు లేచువారు ఎవరు? పెద్దబిడ్డకు జడవేసి బడికి పంపువారు కలరా? ఈ మాటలు అడుగువారు తక్కువ. పంచాంగమును చూచి పది దినములను లెక్కించుకొందుము. ఆ పది దినములు గడుపుచున్న తల్లిని లెక్కలోనికి తీసికొనము. నియమము మిగిలినది, నియమమునకు ప్రాణమైన బాధ్యత జారిపోయినది. నేటి ఆస్తిక గృహములు ఆలోచింపవలసిన లోపము ఇదియే.

పురుడు అను మాటలోని ధర్మము

లోకవ్యవహారమున జాతాశౌచమును "పురుడు" అనియు, "వృద్ధి" అనియు అందురు. వృద్ధి అనగా పెరుగుదల. వంశము పెరిగినది కావున వృద్ధి. మరణమున వచ్చు ఆశౌచమునకును దీనికిని మన పెద్దలు పేరులోనే భేదమును చూపిరి. ఇది శోకము కాదు, సంతోషము. అయినను కొన్ని దినములు లోకవ్యాపారమునుండి తొలగి ఉండవలసిన సంతోషము.

ఇందు ఒక విశేషమును గమనింపవలెను. ప్రసవవేదనను అనుభవించినది ఒక్క స్త్రీ. ఆశౌచము మాత్రము ఏడు తరములలోని సపిండులందరిది. పదిమైళ్ళ దూరమున నున్న జ్ఞాతికిని, ఆ శిశువు ముఖమును ఎన్నడును చూడబోని జ్ఞాతికిని దేవతార్చన నిలుచును, ఆలయప్రవేశము నిలుచును. ధర్మశాస్త్రము ఇంతమందిని ఒక జననముతో ఎందులకు ముడివేసినది? శిశువు ఒక్క దంపతుల సొత్తు కాదు, ఒక కులమునకు కలిగిన వృద్ధి అని తెలుపుటకే అని భావించుట సమంజసము. జననవార్త చెవిని పడిన క్షణమున జ్ఞాతి తన నిత్యజీవితమును కొంత ఆపుకొనవలసినదే. ఇంత విస్తృతముగా పంచిపెట్టబడిన ఆశౌచములో పరిచర్య మాత్రము ఒక్క అమ్మమ్మ భుజములపైననే ఉండవలెనని ఎక్కడను లేదు.

ఆ పది దినములు దేవుని గదిలో దీపము వెలిగింపలేకపోతినని బాధపడు భక్తులు కలరు. ఆ బాధ పవిత్రమైనదే. కాని అర్చన నిలిచిన ఆ సమయము దేనికి మిగిలినది? పూజకు వెచ్చించు గంట ఖాళీ అయినది కదా! ఆ గంటను బాలింతకు, శిశువునకు సమర్పించినచో ఆశౌచము సేవాకాలముగా మారును. ఇది శాస్త్రవాక్యమని చెప్పుట కాదు. శాస్త్రపు ఒరవడినుండి గ్రహింపదగిన భావమని చెప్పుట మాత్రమే.

తల్లి లేచిన పిమ్మటనే నామము

తెలుగునాట కృష్ణయజుర్వేదీయులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రానుయాయులు. ఆపస్తంబ గృహ్యసూత్రములో నామకరణమును విధించునప్పుడు మహర్షి చేసిన క్రమము మిక్కిలి సూక్ష్మమైనది. పదవ దినమున, తల్లి పడకనుండి లేచి, స్నానమాడిన పిమ్మట, తండ్రియు తల్లియు శిశువునకు పేరిడవలెనని అందలి విధి. తిథినక్షత్రములకంటె ముందుగా తల్లి లేచుట చెప్పబడినది. పేరిడుటలో తండ్రితోపాటు తల్లియు చెప్పబడినది.

తల్లి కోలుకొనుట నామకరణమునకు పూర్వాంగమని దీనివలన స్పష్టమగుచున్నది. నేడు పదునొకండవ దినమున గాని, ఇరువదియొకటవ దినమున గాని జరుగు బారసాలలో ఈ భావమే ఉయ్యాలరూపమున నిలిచియున్నది. పళ్ళెములో బియ్యము పోసి, ఆ బియ్యముపై తండ్రి బంగారు ఉంగరముతో పేరు వ్రాయును. ముత్తైదువలు శిశువును ఉయ్యాలలో వేసి లాలి పాడుదురు. బాలింత క్రొత్తచీర కట్టి, నుదుట కుంకుమతో అందరి నడుమ కూర్చుండును. ఆ దృశ్యమునకు అర్థము ఒక్కటే: ఈమె మృత్యుముఖమువంటి ఒక ద్వారమును దాటి మరల మనలోనికి వచ్చినది.

కాని తల్లి నిజముగా లేచినదా? శస్త్రచికిత్స కుట్లు మానక, నిద్ర లేక, వంగుటకు సైతము ఓపిక లేని తల్లిని రెండువందలమంది అతిథులముందు నాలుగు గంటలు కూర్చుండబెట్టి, ఛాయాచిత్రములకై శిశువును మరల మరల ఎత్తి చూపుట ఆపస్తంబుని విధికి అనుకూలమా, ప్రతికూలమా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము తెలంగాణలో ప్రసవములలో 60.7 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతము సిజేరియన్ శస్త్రచికిత్సతో జరిగినవే. అనగా తెలుగు తల్లులలో అనేకులు ఒకేమారు ప్రసవమునుండియు శస్త్రచికిత్సనుండియు కోలుకొనవలసినవారు. అట్టివారికి మరికొన్ని వారములు విశ్రాంతి నిచ్చి, బారసాలను శుభదినము చూచి జరుపుకొనినచో ధర్మమునకు లోపము రాదు. సంస్కారమును సంక్షిప్తముగా ఇంటిలో పూర్తిచేసి, ఉత్సవమును తరువాతకు ఉంచుట మరింత ఉచితము.

సుహృదులు మేల్కొనవలెను

బంధువుల మాట అటుంచుడు. మిత్రుల స్థానమును మన ప్రాచీనులు ఎంత గంభీరముగా చెప్పిరో చూడవలెనన్న చరకసంహితను ఆశ్రయింపవలెను. శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయము గర్భిణీ, సూతికా, శిశు పరిచర్యలకు ఉద్దేశింపబడినది. ప్రసవకాలమున సమీపమున ఉండదగిన స్త్రీల గుణములను అందు ఆచార్యుడు పేర్కొనెను. అనేకమారులు ప్రసవించిన అనుభవము కలవారు, స్నేహభావము కలవారు, సమయస్ఫూర్తి కలవారు, స్వభావముచేత వాత్సల్యము కలవారు, విషాదమును విడిచినవారు, కష్టమును ఓర్చుకొనువారు. అన్నిటికంటె మిన్నగా, ఆమెకు ఇష్టులైనవారు.

ఈ చివరి గుణమును మరువరాదు. ఎవరు చెంత నుండవలెనో నిర్ణయించుటలో ప్రసవించుచున్న స్త్రీ మనస్సునకు ప్రామాణ్యము ఇవ్వబడినది. పుట్టినింటివారా, అత్తింటివారా, ఎవరికి అధికారమను వివాదము నేడు పలు గృహములలో శిశువు పుట్టకముందే పుట్టుచున్నది. ఆ వివాదమునకు ప్రాచీన సమాధానము ఇది. ఆమెకు ఎవరి సన్నిధిలో భయము తగ్గునో వారిదే ఆ స్థానము. ఒకరికి తల్లి కావచ్చును, మరియొకరికి అత్తగారు కావచ్చును, వేరొకరికి తోడికోడలు గాని బాల్యస్నేహితురాలు గాని కావచ్చును.

ప్రసవానంతరము పది లేక పండ్రెండు దినములు అట్టి స్త్రీలును, సుహృదులును ఆమె చెంత మేల్కొని ఉండవలెనని ఆ గ్రంథము విధించినది. ఆ ఇల్లు దానములతో, మంగళాశీస్సులతో, గీతవాద్యములతో, అన్నపానములతో, ప్రేమగల సంతుష్టజనులతో నిండియుండవలెనట. ఇది రక్షావిధిలో అంతర్భాగముగా చెప్పబడుట విశేషము. బాలింతకు రక్ష అనగా గుమ్మమునకు కట్టిన వేపమండ మాత్రమే కాదు. మేల్కొనియున్న మిత్రుడు కూడ రక్షయే.

సుశ్రుతాచార్యుడు ఈ నియమకాలమును ఒకటిన్నర మాసముగా నిర్ణయించెను. ఆధునిక వైద్యులును ప్రసవానంతరకాలమును ఆరు వారములుగా గణింతురు. రెండు సంప్రదాయములు ఇంచుమించు ఒకే లెక్కకు వచ్చినవి. బిడ్డను చూచిపోవుటకు వచ్చు జనము తొలివారముననే వత్తురు. చేయి అవసరమైనది మాత్రము ఆరు వారములు.

వాల్మీకి ఆశ్రమము, హస్తినాపురము

రామాయణ ఉత్తరకాండలో సీతాదేవి ప్రసవఘట్టము భక్తులందరకును పరిచితమే. ఆమె చెంత భర్త లేడు. పుట్టినిల్లు లేదు. అయోధ్య అంతఃపురము లేదు. అయినను ఆమె ఏకాకిని కాదు. వాల్మీకి మహర్షి మంత్రపూతములైన దర్భలను ఇచ్చి, ఆశ్రమమందలి వృద్ధస్త్రీలచేత కవల శిశువులకు రక్ష చేయించెను. కుశ లవ నామములు ఆ రక్షాకర్మనుండియే ఏర్పడినవి. లవణాసురునిపై దండెత్తి పోవుచు ఆ రాత్రి ఆ ఆశ్రమమున విడిసిన శత్రుఘ్నుడు ఆ వార్త విని పరమానందము పొందెను. అతడు ఆ శిశువులకు పినతండ్రి.

జగన్మాతకు పురుడు పోసినవారు ఆమె రక్తబంధువులు కారు. పేరైన చెప్పబడని కొందరు వృద్ధతాపసులు. రామాయణము వారి పేర్లను చెప్పలేదు గాని, వారి చేతి స్పర్శను శిశువుల పేర్లలో శాశ్వతము చేసినది. బంధువు లేనిచోట పొరుగు బంధువగును. దేశాంతరమున ప్రసవించు నేటి తెలుగు ఆడబిడ్డల విషయమున ఈ ఘట్టమును మననము చేయవలెను.

రెండవది పరీక్షిత్తు జననము. ఉత్తరాదేవి గర్భమున నుండగనే ఆ శిశువు తండ్రి అభిమన్యుడు యుద్ధమున మరణించెను. అస్త్రజ్వాలనుండి శ్రీకృష్ణుడు కాపాడెను. పుట్టిన పిమ్మట జాతకర్మను జరిపించినది ఎవరు? భాగవతము ప్రథమస్కంధము ప్రకారము ధర్మరాజు. ధౌమ్యుడు, కృపుడు మొదలగు బ్రాహ్మణులచేత స్వస్తివాచనము పలికించి, దానములు చేసి, ఆ పెదతాత తండ్రి స్థానమున నిలిచెను. తండ్రి లేని బిడ్డకు స్వాగతము చిన్నది కాలేదు. భర్తను కోల్పోయిన బాలింతను అమంగళమని మూలకు నెట్టలేదు. నేటికిని అట్టి సందర్భములలో శుభకార్యము వద్దని గుసగుసలాడు బంధువులు కలరు. వారు ఈ అధ్యాయమును ఒకసారి పఠింపవలెను.

అంటరాదు కదా, సేవ యెట్లు?

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. "పురిటి తల్లిని పది దినములు అంటరాదని పెద్దలు చెప్పిరి కదా! దూరముగా నుంచుటయే ఆచారము కదా! సేవ చేయుట యెట్లు?" అని.

సూతికకు అస్పృశ్యత చెప్పబడిన మాట సత్యము. కాని అది ఎవరిని ఎవరినుండి కాపాడుటకు? వంటయింటి భారమునుండి, నీరు మోయుటనుండి, అతిథిసత్కారమునుండి, వ్రతోపవాసములనుండి ఆ పది దినములు ఆమెకు విముక్తి కలిగినది. బయటి జనసమ్మర్దము లోపలికి రాలేదు. పరిచర్య చేయువారు స్నానముచేత శుద్ధులగుదురు. మంత్రసాని, తల్లి, అక్కచెల్లెండ్రు అంటి సేవించిరే గాని, దూరమున నిలుచుండి చూడలేదు. అంటరాదను నియమము విశ్రాంతికి గోడగా నిలువవలెను, నిర్లక్ష్యమునకు సాకుగా కాదు.

కాలక్రమమున ఈ గోడ కొన్నిచోట్ల చెరసాల అయినది. గాలి వెలుతురు లేని గది, చింకిచాప, విడిపళ్ళెము, దాహమునకు అడిగినను కొలిచి పోయు నీరు, పథ్యము పేరిట కడుపు మాడ్చుట. ఇవి శాస్త్రమునకు చేసిన అపచారములు. సూతికాగృహము శుభ్రమై, సుఖకరమై, ఋతువునకు తగినదై, కావలసిన సామగ్రితో నిండి ఉండవలెనని వైద్యగ్రంథములు చెప్పుచుండగా, ఇంటిలో పనికిరాని మూలను ఆమెకు కేటాయించుట ఏ ఆచారము? పాలిచ్చు తల్లికి దప్పిక అధికము, ఆకలి అధికము. ఆమెకు నీరు, అన్నము లోపింపచేయు పెద్దరికము ఎంత ప్రాచీనమైనను విడువదగినదే.

ఇంకొక మాట. ప్రసవానంతరము తొలిదినములలో కారణము లేకయే కన్నీరు వచ్చుట పలువురు తల్లులకు సహజము. రెండు వారములు దాటినను ఆ విషాదము తగ్గనిచో, శిశువును చూచినను మనసు ఉల్లసింపనిచో, తనకు గాని బిడ్డకు గాని హాని చేసికొను తలపులు వచ్చినచో, అది దృష్టిదోషమని దిష్టితీసి ఊరకుండరాదు. వెంటనే వైద్యుని చెంతకు కొనిపోవలెను. "మేమందరము కనలేదా?" అను మాట ఆ సమయమున పలుకదగినది కాదు. విషాదమును విడిచినవారే చెంత నుండవలెనని చరకుడు ఎందులకు చెప్పెనో ఇచ్చట తెలియును.

నేటి గృహము

పూర్వము తొలికాన్పు పుట్టినింట జరుగుట వాడుక. ఏడవ మాసముననో తొమ్మిదవ మాసముననో సీమంతమాడి, సారెతో వచ్చిన కుమార్తె, శిశువు మూడవ మాసము నిండువరకు తల్లియొద్ద ఉండెడిది. ఆ ఇంటిలో అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్ని, పొరుగింటి పెద్దముత్తైదువ. ఒకరు నూనె అంటి నలుగుపెట్టి స్నానము చేయింతురు. ఒకరు సాంబ్రాణి ధూపము వేయుదురు. ఒకరు వెల్లుల్లి కారమో, కాయమో నూరుదురు. తల్లి నిద్రించుటకు ఎవరో ఒకరి ఒడి శిశువునకు సిద్ధముగా నుండెడిది.

నేడు ఆసుపత్రినుండి కొద్దిదినములలో ఇంటికి వచ్చిన తల్లి, నగరమందలి రెండు గదుల ఇంటిలో భర్తతో మిగులుచున్నది. ఆమె తల్లికి సైతము ఉద్యోగము ఉండవచ్చును, మోకాళ్ళ నొప్పులు ఉండవచ్చును. అమెరికా వంటి దేశములలో నున్నవారికి తల్లిదండ్రులు సందర్శకులుగా వచ్చి, సాధారణముగా ఆరు మాసములలో మరలి పోవలెను. వీసా దొరకనిచో ఆ మాత్రమును లేదు. అచ్చటి తెలుగు కుటుంబములు కొన్నిచోట్ల చేయుచున్న పని మిక్కిలి ప్రశంసనీయము. ప్రసవమైన ఇంటికి వంతులవారీగా ఒక్కొక్క దినము ఒక్కొక్కరు వండి పంపుదురు. ఒకరు చారు, బీరకాయ కూర తెత్తురు. ఒకరు పెద్దబిడ్డను బడినుండి తెత్తురు. వారికి గోత్రము కలియదు, ఊరు కలియదు, ఒక్కొక్కప్పుడు భాషయు కలియదు. అయినను సుహృదులను మాటకు వారే అర్థము. ఈ వంతుల పద్ధతి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము అపార్టుమెంటులలోనికి ఏల రారాదు? సత్సంగములు, పారాయణ బృందములు, భజనమండలులు కలవారు దీనిని తమ నియమములలో చేర్చుకొనినచో ఎంత పుణ్యము! వారమున ఒకనాటి పారాయణకు పదిమంది కూడుదురు. ఆ పదిమందిలో ఒక్కొక్కరు నెలకు మూడు పూటలు వండినను ఒక బాలింతకు ఆరు వారములు మధ్యాహ్నభోజనము దాదాపు లోటులేక నడచును.

బారసాల వ్యయమును గురించియు ఒక మాట. ఉంగరము, మొలత్రాడు, వెండిగిన్నె, అల్లునికి వస్త్రములు, వియ్యపురాలికి చీర, మండపము, విందు. ఈ పట్టికను చూచి అప్పుచేయు పుట్టినింటివారు కలరు. శిశువు భూమిపైకి వచ్చుటతోడనే ఒక తాతకు ఋణము కలుగుట వృద్ధి యెట్లగును? బహూకరింపదలచిన మిత్రులు ఒక నెల పనిమనిషి జీతమును భరించినచో, ఆ కానుక వెండిగిన్నెకంటె పదిరెట్లు ప్రకాశించును.

ఆడపిల్ల పుట్టినదని విన్నప్పుడు స్వాగతము ఒక మెట్టు క్రిందికి దిగుట ఇంకను కొన్ని ఇండ్లలో కనబడుచున్నది. ఫోనులో గొంతు మారును. వచ్చువారి సంఖ్య తగ్గును. "పోనీలెండి, లక్ష్మి పుట్టినది" అని ఓదార్పువలె పలుకుదురు. లక్ష్మి పుట్టినచో ఓదార్పు ఎందులకు? ప్రసవవేదన ఆడబిడ్డకైనను మగబిడ్డకైనను ఒక్కటే. పురుడు పది దినములే. తల్లికి కావలసిన అన్నము, నిద్ర, ఆదరము ఒక్కటే. శరన్నవరాత్రములలో బాలాపూజ చేయు చేతులు సూతికాగృహమున ముడుచుకొనుట పూజకు ఫలము కాదు.

వచ్చువారికి కొన్ని నియమములు

సహాయము చేయుటకు వచ్చి భారమగుట సులభము. కావున కొన్ని మర్యాదలను పాటింపవలెను. తెలుపక రారాదు. జలుబు, జ్వరము, దగ్గు ఉన్నవారు కోలుకొనువరకు ఆగవలెను. చేతులు కడుగుకొనక శిశువును తాకరాదు, ముఖమున ముద్దిడరాదు. కాఫీ కొరకు కూర్చుండుటకు కాక, అంట్లు తోమిపెట్టి పోవుటకు వచ్చినట్లుండవలెను. "ఏమి సహాయము చేయుదును?" అని అడిగినచో సంకోచముచేత ఎవ్వరును చెప్పరు. "రేపు మధ్యాహ్నము పప్పు, చారు తెత్తును, రెండు గంటలు శిశువును చూచుకొందును, నీవు నిద్రింపుము" అని చెప్పినచో తల్లి కాదనదు. బిడ్డ రంగు, ముక్కు, తల్లి బరువు, పాలు చాలినవా లేదా అను విమర్శలను గుమ్మము బయటనే విడువవలెను.

జాతకర్మలో తేనె, నేయి కలిపి బంగారముతో శిశువునకు నాకించు మేధాజనన విధి కలదు. ఏడాది నిండని శిశువునకు తేనె ఇచ్చినచో అందుండగల సూక్ష్మజీవబీజములవలన ప్రాణాపాయకరమైన వ్యాధి కలుగవచ్చునని వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెననియు, ఆరు మాసములవరకు తల్లిపాలు తప్ప అన్యము వలదనియు వారి ఉపదేశము. ఈ విషయమున పంతము కూడదు. ముఖ్యద్రవ్యము గ్రహింపరానిచోట ప్రతినిధిద్రవ్యమును గ్రహించు పద్ధతిని మీమాంసాశాస్త్రమే అంగీకరించినది. మంత్రము, తండ్రి స్పర్శ, చెవిలో పలుకు ఆశీర్వచనము యథాతథముగా ఉండనిండు. తల్లి తొలిపాలకంటె పవిత్రమైన ప్రతినిధిద్రవ్యము మరియొకటి లేదు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయించు ఇండ్లలో అమృతమును నేలపాలు చేయుచున్నారు.

తండ్రి స్థానము

స్నేహితులు, బంధువులు ఎందరున్నను తండ్రి స్థానమును వారు పూరింపలేరు. బొడ్డుకోయక ముందే స్నానముచేసి జాతకర్మకు సిద్ధము కావలసినవాడు తండ్రి. నాళచ్ఛేదము జరుగువరకు సూతకము రాదని చెప్పి, ఆ కొద్ది ఘడియలను దానమునకు, శిశుస్పర్శకు శాస్త్రము అతనికై కేటాయించినది. అనగా శిశువు లోకమున తొలుదొలుత ఎదుర్కొను పురుషుడు తండ్రియే కావలెనని ఆశయము. కేంద్రప్రభుత్వోద్యోగులకు 15 దినముల పితృత్వ సెలవు కలదు. 2017లో సవరింపబడిన చట్టము తల్లులకు తొలి ఇద్దరు బిడ్డల విషయమున 26 వారముల వేతనసహిత సెలవును ఇచ్చినది. ఆ పదునైదు దినములను తండ్రి అతిథులను సాగనంపుటకు వాడుకొనరాదు. రాత్రి రెండవజామున శిశువును భుజమున వేసికొని నడచుట, పొత్తిగుడ్డలు ఉతుకుట, వేడినీరు కాచుట పౌరుషమునకు తక్కువ కాదు. నిత్యాగ్నిహోత్రి అర్ధరాత్రమున లేచి అగ్నిని చూచుకొనుటకు సిగ్గుపడునా?

ఐదవ అగ్ని

ఛాందోగ్యోపనిషత్తు పంచమాధ్యాయమున ప్రవాహణ జైవలి మహారాజు గౌతమునకు ఉపదేశించిన పంచాగ్నివిద్యను వేదాంతసాధకులు ఎరుగుదురు. ద్యులోకము, పర్జన్యము, పృథివి, పురుషుడు, స్త్రీ. ఈ ఐదును ఐదు అగ్నులు. ఒక్కొక్క అగ్నిలో ఒక్కొక్క ఆహుతి పడి, చివరకు ఐదవ అగ్నియందు జీవుడు దేహమును ధరించును. ఎంతో దూరమునుండి, ఎన్నో ద్వారములగుండ, వర్షముగా, అన్నముగా ప్రయాణించి వచ్చిన యాత్రికుడే ఆ ఉయ్యాలలోని శిశువు.

ఈ విద్యను పఠించునపుడు సాధకులు జీవుని గతిని గూర్చియే విచారింతురు. అగ్నిని గూర్చి విచారింపరు. యజ్ఞశాలలో ఆహుతి పూర్తియైన వెంటనే అగ్నిని విడిచి ఋత్విక్కులు లేచిపోరు. కుండమును పరిశుభ్రము చేయుదురు, సమిధలను ఉంచుదురు, గాలి తగులకుండ కాపాడుదురు. ఐదవ అగ్నియైన తల్లి విషయమున మాత్రము ఆహుతి ఫలించిన క్షణముననే దృష్టియంతయు ఫలముపైకి మరలుచున్నది. బిడ్డ చుట్టు ఇరువదిమంది. తల్లి చెంత ఒక్కరును లేరు.

యజ్ఞము ఒంటరిగా జరుగదు. సోమయాగములకు పదునారుగురు ఋత్విక్కులు కావలసివచ్చును. ఒక జీవుని ఈ లోకమునకు స్వాగతించు యజ్ఞమునకు ఒక్క స్త్రీ యజమానియు, ఋత్విక్కును, అగ్నియు, ఆహుతియు తానే కావలెనని ఆశించుట అధర్మము. ఇకమీదట జ్ఞాతులనుండి పురుటివార్త వచ్చినపుడు పంచాంగమును తెరచుటకు ముందు ఆ ఇంటికి ఒక మాట పంపుడు. "రేపు వంట మా ఇంటినుండి వచ్చును" అని. ఆ తరువాత పది దినములను లెక్కించుకొనవచ్చును.

శుభం భూయాత్.